సగటు ఒక్కటే అచ్చేస్తే ఎవరి ఆరోగ్యం తెలిసినట్టు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆరోగ్య సర్వే ఏది వచ్చినా మన పత్రికల్లో వార్త ఒకే పద్ధతిలో వస్తుంది. రాష్ట్రం మొత్తానికి ఒక అంకె, పోయినసారి కంటే పెరిగిందా తగ్గిందా, పక్క రాష్ట్రం కంటే ముందున్నామా వెనకబడ్డామా, అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మంచి మాటే, ఎవరూ కాదనరు. కానీ ఆ మిగిలిన ముగ్గురో నలుగురో ఎవరు, ఎక్కడుంటారు, ఆసుపత్రి దాకా ఎందుకు రాలేకపోయారు అని ఆ వార్తలో ఎవరూ అడగరు. వర్షాకాలం వస్తే నిండు గర్భిణిని డోలీ కట్టి కొండ దించుతున్న ఫొటో మీ పత్రికలోనే పడుతుంది. ఒక పేజీలో డోలీ, ఇంకో రోజు ఇంకో పేజీలో 96.5 శాతం. ఈ రెండూ ఒకే వార్త, రెండూ కలిపి రాయండి అని అడగడానికే ఈ ఉత్తరం.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. సగటు అనేది ఎంత పనికొచ్చేదో, ఎంత దాచేస్తుందో పిల్లలకి చెప్పీ చెప్పీ ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను, ఉత్తరం పొడుగైనా దయచేసి పూర్తిగా చదవండి.

ముందు మన ఉత్తరాంధ్ర సంగతే చూడండి. ఆ సర్వే మన దగ్గర జరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవి 13 జిల్లాలే. విశాఖపట్నం జిల్లా అంటే అప్పట్లో బీచ్ రోడ్డూ అందులోదే, పాడేరు, అరకు, పెదబయలు, ముంచింగిపుట్టూ అందులోవే. ఆటో ఎక్కితే పది నిమిషాల్లో పెద్దాసుపత్రికి చేరే సిటీ తల్లినీ, రోడ్డెక్కడానికే కొండ దిగాల్సిన తల్లినీ కలిపి ‘విశాఖ జిల్లాలో ఇంత శాతం’ అని ఒక్క అంకె ఇచ్చారు. సిటీ జనం ఎక్కువ కాబట్టి ఆ అంకె సిటీ వైపే మొగ్గుతుంది, అంటే కొండల్లోని గిరిజన ఏజెన్సీ పరిస్థితి ఎంత ఘోరంగా ఉన్నా జిల్లా సగటులో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. మా విజయనగరం జిల్లాకీ ఇదే జరిగింది, పార్వతీపురం వైపు గిరిజన మండలాలు మైదాన ప్రాంతం లెక్కలో కలిసిపోయాయి. తూర్పు గోదావరిలో కోనసీమా రంపచోడవరమూ ఒకే గంపలో పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లా విడిగా ఏర్పడటం మిగతా విషయాల్లో ఎలా ఉన్నా ఆరోగ్య లెక్కల వరకూ చాలా మేలు, ఎందుకంటే ఇక ఆ జిల్లాల అంకె దాక్కోవడానికి పక్కన సిటీ లేదు. అయితే పాత జిల్లాల అంకెల్నే ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి వార్తలు రాస్తున్నారు, అది ఆపాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ సర్వే జిల్లాల వారీ ఇచ్చే పట్టికల్లో శిశు మరణాల రేటు ఉండనే ఉండదు. జిల్లాకి వాళ్లు తిరిగే ఇళ్లు వందల్లో ఉంటాయి, ఆ కొద్ది ఇళ్లలోని మరణాల మీద రేటు కట్టడం కుదరదు. కాబట్టి రాష్ట్రం దగ్గరే ఆగిపోతారు. వెయ్యి మంది పుడితే ఏడాది నిండకుండానే పోయేవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది, తెలంగాణలో 26 మంది, దేశం మొత్తమ్మీద 35 మంది అని ఆ సర్వే లెక్క. కేరళలో నలుగురే. దేశంలో ఎస్టీ కుటుంబాల వరకే చూస్తే 42 మంది దాకా. మరి మన రాష్ట్రంలో ఏ మండలంలో ఎంత? పసిబిడ్డ చనిపోవడం అనేది ఎక్కడో ఒక చోట, ఒక ఊళ్లో, ఒక ఇంట్లో జరుగుతుంది. ఆ ఊరు ఏదో తెలియకుండా రాష్ట్ర సగటు తగ్గిందని సంబరపడితే ఆ ఇంటికి ఏం ఒరిగింది?

మండలాల వారీ లెక్క కట్టవచ్చా అంటే కట్టవచ్చు, జాగ్రత్తగా కట్టాలి. యాభై వేల జనాభా ఉన్న మండలంలో ఏడాదికి సుమారు 900 కాన్పులు అనుకుందాం. వెయ్యికి 30 చొప్పున అయితే 27 మరణాలు. ఇంత చిన్న సంఖ్యలో ఒక ఏడాది 18 రావడం, ఇంకో ఏడాది 36 రావడం ఒట్టి యాదృచ్ఛికంగానే జరిగిపోవచ్చు, పరిస్థితి ఏమీ మారకపోయినా. కాబట్టి ఒక్క ఏడాది అంకె పట్టుకుని ‘ఫలానా మండలంలో మరణాలు రెట్టింపు’ అని రాస్తే అక్కడ ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం మీద అన్యాయంగా పడిపోతారు, ‘సగానికి తగ్గాయి’ అని రాస్తే చెయ్యని పనికి సన్మానం చేస్తారు. మూడేళ్లవి కలిపి చూడాలి, పక్కపక్క మండలాలను కలిపి చూడాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు రాస్తున్న వివరాలు, జనన మరణాల రిజిస్ట్రేషన్ కలిపితే చాలావరకు తేలుతుంది. కాకపోతే ఒక తిరకాసు ఉంది. ఎక్కడ మరణాలు ఎక్కువో అక్కడే నమోదు తక్కువగా ఉంటుంది. పుట్టిన రెండో రోజే ఇంట్లో పోయిన బిడ్డ పేరు ఏ రిజిస్టరులోకీ ఎక్కకపోతే ఆ మండలం కాగితం మీద ఆరోగ్యంగా కనిపిస్తుంది. మరణాలు మరీ తక్కువగా చూపిస్తున్న ఏజెన్సీ మండలాన్ని మెచ్చుకునే ముందు అక్కడ రిజిస్టరు ఎంత సరిగ్గా నడుస్తోందో అడగాలి.

ఇలాంటి చిక్కే ఇంకొకటి ఉంది. ‘మీకు ఈమధ్య ఏమైనా జబ్బు చేసిందా’ అని అడిగి లెక్క కడితే దేశంలో అందరికంటే జబ్బుపడినవాళ్లు కేరళవాళ్లు, ఆరోగ్యవంతులు బీహారువాళ్లు అని తేలుతుంది! ఆర్థికవేత్త అమర్త్యసేన్ 2002లోనే ఈ సంగతి ఎత్తి చూపించారు. కేరళవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారు, డాక్టరు దగ్గరికి వెళతారు, ఏ జబ్బుందో వాళ్లకి తెలుసు కాబట్టి చెబుతారు. డాక్టరు మొహమే చూడని మనిషికి తనకి బీపీ ఉందని ఎలా తెలుస్తుంది? నడుం నొప్పితో ఇరవై ఏళ్లుగా నాట్లు వేస్తున్న ఆడమనిషిని జబ్బుందా అని అడిగితే ‘ఏమీ లేదు బాబూ’ అంటుంది. అందుకే అడిగి రాసిన లెక్కకీ, పరీక్ష చేసి రాసిన లెక్కకీ తేడా ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగరు అక్కడికక్కడే కొలిచారు, అది మెచ్చుకోవాల్సిన పని. ‘పేదవాళ్లలో షుగరు తక్కువ’ అని ఎవరైనా చెబితే, అడిగి రాశారా కొలిచి రాశారా అని మీ విలేకరులు ముందు ఆ ఒక్క ప్రశ్న వెయ్యాలి.

ఇక పేదా ధనికా అని ఎలా విడదీస్తారంటారా, అదీ చెబుతాను. జీతం ఎంత అని అడిగితే మన దేశంలో ఎవరూ సరిగ్గా చెప్పరు, కూలీకి నెలజీతమే ఉండదు, రైతుకి ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. అందుకని సర్వేవాళ్లు ఇంట్లోకి వచ్చి నేల మట్టిదా సిమెంటుదా, మరుగుదొడ్డి ఉందా, వంట గ్యాసు మీదా కట్టెల మీదా అని చూస్తారు. పరుపు ఉందా, ప్రెషర్ కుక్కరుందా, ఫ్యానుందా, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, కుట్టు మిషను, సైకిలు, మోటారు సైకిలు, ట్రాక్టరు, ఇలా పెద్ద జాబితా. వీటన్నిటికీ మార్కులు కలిపి, దేశంలోని జనాన్నంతా అట్టడుగు నుంచి పైదాకా వరసలో నిలబెట్టి, ఐదు సమాన భాగాలు చేస్తారు. లోపాలు లేవని కాదు. ఊళ్లో రెండెకరాలున్న ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉండకపోవచ్చు, సిటీలో అద్దెకుంటూ అప్పుల్లో ఉన్న ఇంట్లో ఫ్రిజ్ ఉండొచ్చు. అయినా మొత్తమ్మీద ఇది బాగానే పనిచేస్తుంది.

అలా విడదీసి చూస్తే ఏం కనిపించిందో చూడండి. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్లు దేశంలో 35.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. ఇవి సగటులు. దేశంలో అట్టడుగు భాగంలో వీళ్లు 46 శాతం, పై భాగంలో 23 శాతం. సరిగ్గా రెండింతలు. 2015-16 సర్వేలో కింద 51, పైన 22 ఉండేది. అంటే తేడా 29 నుంచి 23కి తగ్గింది, కింద ఉన్నవాళ్లు నిజంగానే కొంత బాగుపడ్డారు, సంతోషం. కానీ ఆ తగ్గిన ఆరు పాయింట్లలో ఒక పాయింటు పైవాళ్లు కొంచెం దిగజారడం వల్ల వచ్చింది, దాన్ని మాత్రం విజయం ఖాతాలో వెయ్యకూడదు.

తేడాని తీసివేత చేసి చెప్పాలా, భాగహారం చేసి చెప్పాలా అన్నది కూడా చిన్న విషయం కాదు. లెక్క కోసం ఒక ఊహ చేద్దాం. పేదవాళ్లలో వెయ్యికి వందమంది పిల్లలు పోతున్నారు, ఉన్నవాళ్లలో యాభై మంది. పదేళ్ల తర్వాత పేదవాళ్లలో అరవై, ఉన్నవాళ్లలో ఇరవై. తీసివేస్తే తేడా యాభై నుంచి నలభైకి తగ్గింది, అసమానత తగ్గిందని మంత్రిగారు ప్రెస్‌మీట్ పెట్టొచ్చు. భాగహారం చేస్తే రెండు రెట్లున్నది మూడు రెట్లయింది, అసమానత పెరిగిందని ప్రతిపక్షం ప్రెస్‌మీట్ పెట్టొచ్చు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. రెండు అంకెలూ, వాటితోపాటు అసలు రేట్లూ పక్కపక్కన వెయ్యకపోతే పాఠకుడికి ఏమీ అర్థం కాదు. పరిశోధకులు కాన్సెంట్రేషన్ ఇండెక్స్ అని ఇంకొక కొలత వాడతారు. అట్టడుగు నుంచి పైదాకా అందరినీ వరసలో నిలబెట్టి, జబ్బు ఏ వైపు పోగుపడిందో చూస్తుంది, పేదల వైపు పోగుపడితే మైనస్, ఉన్నవాళ్ల వైపు అయితే ప్లస్, సమానంగా పరుచుకుంటే సున్నా. బాగుంది, కానీ అందరూ సమానంగా జబ్బుపడినా అది సున్నాయే చూపిస్తుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంత పెద్ద అంకె ఒక్క పేద ఇళ్ల నుంచే రాదు, ఉన్నవాళ్ల ఇళ్లలోనూ విస్తారంగా ఉంది. అక్కడ పేదా గొప్పా తేడా తక్కువగా ఉందని ఊరట పడటానికి ఏముంది? కాబట్టి ఒకే కొలతని నమ్ముకోవద్దు.

ఇప్పుడు అసలు నాకు బాధ కలిగించే చోటికి వస్తున్నాను. తేడా ఉందని ఒప్పుకున్నాక, ఎందుకు అని అడిగితే మన అధికారులకీ, మన పత్రికలకీ కూడా ఒక రెడీమేడ్ జవాబు ఉంది. ‘అవగాహన లేకపోవడం.’ గిరిజనులకి అవగాహన లేదు, కూలీలకి అవగాహన లేదు, అందుకని అవగాహన సదస్సు పెట్టాం, ఫ్లెక్సీ కట్టాం, ఫొటో దిగాం. ఈ మాట రాసే ముందు ఒక్కసారి ఆగి ఆలోచించమని వేడుకుంటున్నాను.

మా వీధిలో ఇళ్లలో పనిచేసే ఒకావిడకి షుగరుంది, ఆవిడ పనిచేసే ఇంటావిడకీ ఉంది. ఇద్దరికీ డాక్టరు రాసింది ఒకే రకం మాత్ర. ఇంటావిడ ఫోన్ చేస్తే మెడికల్ షాపు కుర్రాడు తెచ్చి ఇచ్చి వెళతాడు. పనావిడకి సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇస్తారు, నిజమే, కానీ ఓపీ పొద్దుటిపూట. ఆవిడ ఐదు ఇళ్లలో అంట్లు తోమేది సరిగ్గా ఆ వేళకే. వెళ్లాలంటే ఆటోకి రానూపోనూ డబ్బులు, చీటీ దగ్గర లైను, డాక్టరు దగ్గర లైను, మందుల దగ్గర ఇంకో లైను, ఆ రోజు రెండు ఇళ్లు నాగా, నాగా ఎక్కువైతే ఇల్లు పోతుందన్న టెన్షన్. అందుకని నెల మాత్రలు అయిపోయాక పదిహేను రోజులు మానేసి అప్పుడు వెళుతుంది. షుగరు మాత్ర రోజూ వేసుకోవాలని ఆవిడకి తెలియదా? నాకు పాఠం చెప్పేంత తెలుసు. ఆవిడకి లేనిది అవగాహన కాదు, పొద్దుటిపూట రెండు గంటలు. సాయంత్రం ఓపీ పెట్టి, రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇస్తే చాలావరకు తీరిపోయే సమస్య ఇది.

చదువు సంగతి కూడా ఇలాగే వంకర తిరుగుతుంది. బడికే వెళ్లని తల్లుల పిల్లల్లో 46 శాతం ఎత్తు తక్కువ, పన్నెండు పైగా చదివిన తల్లుల పిల్లల్లో 26 శాతం, ఇది దేశం లెక్క. దీన్ని చూసి చదువురాని తల్లికి బిడ్డకి ఏం పెట్టాలో తెలియదు అనేస్తారు. తల్లి చదువుకుంది అంటే మామూలుగా పెళ్లి ఆలస్యంగా అయిందని, పుట్టింట్లో అంతో ఇంతో ఉందని, మొగుడికీ పని ఉందని, ఆసుపత్రిలో నర్సమ్మ కసిరితే తిరిగి అడగగలదని కూడా అర్థం. ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడపిల్లల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని ఈ సర్వేయే చెప్పింది, తెలంగాణలో 23.5 శాతం. పదహారేళ్లకి పెళ్లయి పదిహేడేళ్లకి తల్లయిన పిల్ల బిడ్డ తక్కువ బరువుతో పుడితే అందులో చదువు వాటా ఎంత, వయసు వాటా ఎంత, తిండి వాటా ఎంత? ఈ వాటాలు విడదీసే పద్ధతులు గణాంక శాస్త్రంలో ఉన్నాయి, ఈ తేడాలో ఇంత భాగం మరుగుదొడ్డితో పాటు నడుస్తోంది, ఇంత భాగం తల్లి చదువుతో పాటు అని చెప్పగలవు. ‘పాటు నడుస్తోంది’ అనే అన్నాను, ‘వల్ల’ అనలేదు, అది గమనించండి. మన వార్తల్లో ‘పాటు’ అన్నదల్లా రాత్రికి రాత్రే ‘వల్ల’ అయిపోతోంది.

డబ్బులేమి ఒక్కటే కారణమా అంటే అదీ కాదు. లండన్‌లో 1967లో మైఖేల్ మార్మట్ పేరుతో ప్రసిద్ధమైన వైట్‌హాల్ అధ్యయనం మొదలైంది, సుమారు 18 వేల మంది ప్రభుత్వ ఉద్యోగుల మీద. అందరికీ పర్మినెంటు ఉద్యోగం, వైద్యం అప్పటికే 1948 నుంచి దేశమంతటా ఉచితం, వాళ్లలో తిండికి లేనివాడు ఒక్కడూ లేడు. అయినా ఆఫీసులో అట్టడుగున ఉన్న బంట్రోతుల మరణాల రేటు పైన ఉన్న అధికారుల కంటే మూడు రెట్లు వచ్చింది. మధ్యలో ఉన్న గుమాస్తాలు మధ్యలోనే ఉన్నారు, ప్రతి మెట్టుకీ పై మెట్టువాడు కొంచెం ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నాడు. సిగరెట్లూ బీపీ కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా గుండెజబ్బు తేడాలో పెద్ద భాగం అలాగే మిగిలిపోయింది. 1985లో ఆడవాళ్లను కూడా చేర్చి రెండో విడత మొదలుపెట్టినప్పుడు, తన పని మీద తనకి ఏ పట్టూ లేకపోవడం, ఎవరో చెప్పినట్టు చెయ్యడమే తప్ప తన మాట చెల్లకపోవడం గుండెని దెబ్బతీస్తోందని చూపించారు. కులం, కాంట్రాక్టు ఉద్యోగం, అప్పు, ఇంటి పెత్తనం ఇన్ని ఉన్న మన దగ్గర ఇది ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఇక్కడ కొలిచి చూడాలి అని కూడా అడుగుతున్నాను.

వైద్యం అందడం వైపు చూస్తే తేడా ఇంకో రకంగా ఉంటుంది, కొందరికి అందదు, కొందరికి అవసరానికి మించి అంటగడతారు. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులో అయితే 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63. దేశం సగటు 21.5. అదే సమయంలో అవసరమైన సిజేరియన్‌కి రక్తం, డాక్టరు దొరక్క ఏజెన్సీ నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ దాకా పంపించే కేసులూ ఉంటాయి. రెండిటినీ కలిపి సగటు తీస్తే అది ఏ ఊరి తల్లి గురించీ చెప్పదు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, పెద్ద ఆపరేషన్లకి ఆస్తులు అమ్ముకునే బాధ చాలామందికి తప్పించింది, అది మరిచిపోకూడదు. కానీ రోజువారీ మాత్రలు, స్కానింగులు, ఆర్ఎంపీ ఫీజులు, దారి ఖర్చులు ఇంటిమీదే పడుతున్నాయి. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం ఆ ఏడాది జనం జేబుల్లోంచే పోయింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి రాయకుండా ఉండలేను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో కిడ్నీలు పాడైపోతున్నాయని జనం ఏళ్లకేళ్లు మొత్తుకున్నారు. కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే రైతులు, కూలీలే ఎక్కువగా పడిపోయారు. షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా వస్తోంది, అసలు కారణం ఇప్పటికీ ఖాయంగా తేలలేదు, నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా అని చర్చ నడుస్తూనే ఉంది. జిల్లా సగటు మాత్రమే చూసి ఉంటే అది ఎప్పటికీ బయటపడేది కాదు, ఊరూరా రక్తం తీసి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశాకే ఎంత మందికి ఉందో తెలిసింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం తెలిసేదాకా కొలవడం వాయిదా వెయ్యక్కర్లేదని ఉద్దానం చూపించింది. కొలవడం మొదలైంది కాబట్టే ఈ మాత్రమైనా జరిగింది.

అందుకని మీ పత్రికని అడిగేది ఇది. ఆరోగ్య సర్వే వార్త ఇచ్చినప్పుడు రాష్ట్ర సగటు కింద అట్టడుగు ఇళ్లదీ పై ఇళ్లదీ అంకె, ఎస్టీలది, ఎస్సీలది, పల్లెది పట్నానిది వెయ్యండి, అవన్నీ ఆ నివేదికలోనే ఉంటాయి, కొత్తగా పరిశోధన చెయ్యనక్కర్లేదు. కలెక్టర్ల సమీక్ష వార్త రాసినప్పుడు మండలాల వారీ మూడేళ్ల శిశు మరణాలు ఎన్ని, కాన్పులు ఎన్ని అని మీ విలేకరి చేత అడిగించండి, ఇవ్వకపోతే ఇవ్వలేదని రాయండి. 2011 తర్వాత 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు అప్పుడు జరగలేదు కాబట్టి ఏ శాతం చెప్పినా కింద ఏ ఏటి జనాభాతో భాగించారో ఒక లైను వెయ్యండి. ‘అవగాహన లోపం’ అని అధికారి అన్నప్పుడు ఆ ఊళ్లో ఆసుపత్రి ఎంత దూరం, ఓపీ ఎన్నింటికి, కూలి ఎంత అని పక్కనే రాయండి.

పార్వతీపురం మన్యం, అల్లూరి జిల్లాల నుంచి మొదలుపెడితే మంచిది. పట్టిక ఎలా వెయ్యాలో, చిన్న సంఖ్యల దగ్గర ఎక్కడ జాగ్రత్తపడాలో మీ డెస్కులో ఎవరికైనా కూర్చుని చెప్పమంటే వచ్చి చెబుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాటిస్టిక్స్ లెక్చరర్,
విజయనగరం